నోటీసు బోర్డుకెక్కిన ఉత్తరం

చిత్తూరు, హాస్టల్ గది 14
ఫిబ్రవరి 2

లోహితక్కకు,

బాలచంద్ర నమస్కారాలు. ఈ కాలంలో ఉత్తరమేమిట్రా అని నవ్వకు. ఇంటర్ రెండో సంవత్సరం వాళ్లను ఈ కాలేజీ ఫోను ముట్టనివ్వదు. పదిహేను రోజులకొకసారి ఆఫీసు ఫోన్లో నాయనతో ఐదు నిమిషాలు, అంతే. పెదనాన్న కూతురితో మాట్లాడాలంటే నీ నంబరు వాళ్ల పుస్తకంలో లేదన్నారు. వంట చేసే నాగులమ్మ కూరగాయల సంచిలో పెట్టుకుని ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తానంది. నువ్వు రాసేది మాత్రం వార్డెన్ చేతికొస్తుంది. ఆయన విప్పి చదివి, బాగుందనుకుంటే ఇస్తాడు.

నిన్న మాతో లక్ష్యపత్రం నింపించారు. ఇంటర్ తర్వాత ఏం చదువుతావు అని ఒక ప్రశ్న, దానికి ఒక గీత. నేను బి.ఎస్సీ. జియాలజీ అని రాశాను. నా గదిలోని నలుగురూ, అంటే గుణశేఖర్, మునిచంద్ర, వెంకటముని, సుందరరాజు, అదే రాశారు. రెండేళ్లుగా నా పెట్టెలో రాళ్లు చూసి, నా సోది విని, వాళ్లకూ పట్టుకుంది. ఈరోజు పొద్దున ప్రార్థన దగ్గర డీన్ మా ఐదుగురినీ ముందుకు పిలిచాడు. "ఏమప్పా, అయిదు మందీ క్వారీకి పోతారా? దానికి డిగ్రీ యాల, సుత్తి సాలు గదా!" అన్నాడు. మూడు వందల మంది నవ్వారు.

దీనంతటికీ కారణం నువ్వే. పదో తరగతి సెలవుల్లో నన్ను తిరుపతి కొండకు తీసుకెళ్లావు. కనుమదారి మలుపులో రాళ్ల గురించి ఒక బోర్డుంది. పైకి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి సగం చదివాను, మిగతా సగం కోసం నన్ను మళ్లీ తీసుకెళ్లావు. కింద నల్లరాయి, దానిమీద పలకలు పలకలుగా ఇంకో రాయి. రెంటికీ మధ్య ఎనభై కోట్ల ఏళ్లు కనపడకుండా పోయాయట. పై రాయి పేరు నగరి క్వార్ట్‌జైట్. మన ఊరి పేరు! మన ముక్కుకొండ ఏ రాయో ఊళ్లో ఒక్కరికీ తెలియదు, పుస్తకాల్లో మాత్రం మన పేరుంది. ఆ రోజు నుంచి నాకు వేరే ఏదీ చదవాలని లేదు.

తిరుపతిలో ఆ కోర్సు చెప్పే ఓబయ్య సార్‌ను దసరా సెలవుల్లో కలిశాను. ఈ ఏడాది పదిహేను మంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తారని చెప్పాడు.

నాయనకు ఫోన్లో చెప్పాను. ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు అదేం చదువని అడుగుతూనే ఉన్నాడు. చివరికి, "మనింట్లో లోహిత సదివినంత ఎవురూ సదవలేదు. ఆ పాప ఏం రాస్తే అదే సేస్తాం" అన్నాడు.

కాబట్టి తీర్పు నీది. భయంగా ఉంది అక్కా. తొందరగా రాయి.

నీ తమ్ముడు
బాలచంద్ర


తిరుపతి, మహిళా హాస్టల్
ఫిబ్రవరి 9

చిరంజీవి బాలచంద్రకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఇష్టం ఉంది, జ్ఞాపకం ఉంది, అవమానం ఉంది. వాదన ఒక్కటీ లేదు.

ఇష్టమన్నావు. ఇష్టం కారణం కాదు; కారణం వెతకడానికి బద్ధకించినవాడు కూలబడే అరుగు. ఒక రాతికి మన ఊరి పేరుంది గనుక దాన్ని చదువుతానన్నావు. పేరు చూసి చదువును ఎంచుకునే నీకూ, పేరు చూసి కాలేజీని ఎంచుకునే ఆ మూడు వందల మందికీ తేడా ఎక్కడుంది? వాళ్ల మంద పెద్దది, నీ మందలో ఐదుగురే ఉన్నారు. చిన్నదైనంత మాత్రాన మంద స్వాతంత్ర్యం అయిపోదు.

పదిహేను మంది చేరకపోతే మూతపడే కోర్సు నిన్ను పిలుస్తోందన్నావు. మునిగే పడవ కూడా పిలుస్తుంది, బరువు సరిచేయడానికి. ఆ పిలుపులో నీ భవిష్యత్తు ఎంత ఉందో, ఒక అధ్యాపకుడి ఉద్యోగ భద్రత ఎంత ఉందో విడదీసి చూశావా? చదువు పూర్తయ్యాక సుత్తి పట్టుకుని ఏ తలుపు తడతావు? ఆ తలుపు వెనక ఎవరున్నారు? ఈ ప్రశ్నలు నీ ఉత్తరంలో లేవంటే, వాటికి జవాబులు నీ దగ్గర లేవనే అర్థం.

ఇక అసలు మాట. రాయి ఎనభై కోట్ల ఏళ్లు ఓపిక పట్టింది, ఇంకా పడుతుంది. ఇరవై ఏళ్లుగా మరమగ్గం ముందు నిలబడిన మోకాళ్లు పట్టలేవు. మీ నాయన మోకాళ్లకు ఎంత వ్యవధి మిగిలిందో ఏ బోర్డు మీదా రాసి ఉండదు. బస్సు కిటికీలోంచి చదవడం కుదరదు. నాలుగేళ్లలో ఇంటికి ఆసరా అయ్యే ఇంజనీరింగ్ చదువు ఒకటి నీ ముందుంది. అది నీకు నచ్చదు. నచ్చని పని చేయడమే అవమానమైతే, మీ నాయన రోజూ ఎనిమిది గంటలు అవమానపడి నిన్ను పెంచాడు. ఆయనకు లేని హక్కు నీకెక్కడిది?

జవాబు ఉంటే రాయి.

నీ అక్క
లోహిత


చిత్తూరు
ఫిబ్రవరి 20

అక్కకు,

జవాబు లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే వార్డెన్ నా చేతికిచ్చాడు. ఇక్కడ అలా ఎప్పుడూ జరగలేదు. మరునాడు డీన్ దాన్ని అడిగి తీసుకుని ప్రార్థన దగ్గర మైకులో చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇదీ అక్కంటే! ఇంటికొక అక్క ఇట్లాటిది ఉంటే మాకు పనే ల్యా" అన్నాడు. కంప్యూటర్లో కొట్టించి, పైన 'డిగ్రీ ఎంచుకునే విద్యార్థులకు ఒక అక్క సలహా' అని శీర్షిక పెట్టి, కింద నీ పేరు వేసి నోటీసు బోర్డుకు అంటించారు. నాయనకు కూడా ఒక ప్రతి పంపించారు.

మోకాళ్ల మాట దగ్గర గుణశేఖర్ లైనులోంచి పక్కకు వెళ్లిపోయాడు. వాళ్లమ్మ వడమాలపేటలో ఇటుక బట్టీకి పోతుంది. సాయంత్రం మేం ఐదుగురం వెళ్లి లక్ష్యపత్రాలు మార్చి ఇచ్చాం. అందరం కంప్యూటర్సే. రాళ్ల పెట్టె నాగులమ్మకిచ్చేశాను. ఊరగాయ జాడీల మూతల మీద బరువుకు పనికొస్తాయంది.

నువ్వు చెప్పకపోతే నాయన సంగతి నాకు తోచేదే కాదు. నేనెంత స్వార్థపరుణ్ణో తెలిసింది. కృతజ్ఞుణ్ణి అక్కా. ఇక బాగా చదువుకుంటాను.

బాలచంద్ర


తిరుపతి
ఫిబ్రవరి 25

బాలూ,

ఆ ఉత్తరం నా అభిప్రాయం కాదు. ముందు ఈ వాక్యం రెండోసారి చదువు. నా అభిప్రాయం కాదు.

మా కాలేజీ చర్చావేదికలో ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు దేన్ని ప్రాణంగా నమ్ముతారో దాని మీద, ముందుగా చెప్పకుండా, అత్యంత బలమైన దాడి చేస్తాం. సాధన అని తెలిస్తే ఎదుటివాడు సాధనగానే జవాబిస్తాడు. దెబ్బ నిజమనుకుంటేనే ఎదురుదెబ్బ పుడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన నన్ను స్టెల్లా అనే సీనియర్, నా మాధ్యమం మీదనే కొట్టి కూర్చోబెట్టింది. రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు లేచి నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. నా జీవితంలో నేను మనిషినైంది ఆ మూడో రోజునే. నీకూ ఆ మూడో రోజు రావాలని, మీ నాయన ముందూ ఆ డీన్ ముందూ నువ్వు నిలబడి మాట్లాడాలని రాశాను. నువ్వు మండిపడి పది పేజీలు పంపుతావని రోజూ టపా కోసం చూశాను. నువ్వు కృతజ్ఞతలు పంపావు.

ఆ ఉత్తరాన్ని నేనే పడగొట్టగలను. ఇంటికి ఆసరా కావడానికి ఒకే దారి ఉందని నిరూపించకుండానే ఉందన్నాను, అది మోసం. ఓబయ్య గారు నిజం దాచకుండా నీకు చెప్పాడు, దాన్నే ఆయన స్వార్థంగా తిప్పాను, అది అన్యాయం. జియాలజీ చదివినవాళ్లు భూగర్భ జలం వెతుకుతారు, గనుల్లో పనిచేస్తారు, సర్వే శాఖలకు పరీక్షలు రాస్తారు, తెలిసే వదిలేశాను. నీ లక్ష్యపత్రం నువ్వు మళ్లీ మార్చు. ఆ నలుగురికీ ఇది చూపించు.

వార్డెన్ గారూ, ముందు మీరే చదువుతారని నాకు తెలుసు. చదవండి. నాతో వాదించాలనుంటే వాదించండి, ఎక్కడికైనా వస్తాను. కానీ ఈ కాగితం వాడికివ్వండి. మీ కాళ్లకు మొక్కుతాను, ఇవ్వండి.

లోహిత


తిరుపతి
మార్చి 12

బాలూ,

నీ జవాబు రాలేదు. ఇది నీకు చేరుతుందన్న ఆశతో కాదు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నిన్న చిత్తూరు వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్, "అమ్మో నాయనో వస్తేనే పాపా, అక్కలకు ల్యా" అన్నాడు. ఊచల మధ్య నుంచి నోటీసు బోర్డు కనిపించింది. అద్దం వెనక నా మాటలు, అచ్చులో, నా పేరుతో. ఇద్దరు పిల్లలు నిలబడి నోటుపుస్తకంలో ఎక్కించుకుంటున్నారు. గట్టిగా అరిచాను. వాళ్లు తిరిగి చూసి, నేనెవరో తెలియక వెళ్లిపోయారు.

వార్డెన్ బయటికొచ్చాడు. "మీరేనామ్మా ఆ ఉత్తరం రాసింది! ఎంత బాగా రాసినారు! పిల్లోళ్లు మనసు పెట్టి సదువుతా ఉండారు. పరీక్షల ముందర మళ్లా కెలకద్దండి" అన్నాడు. అది సాధన కోసం రాసింది, నా మాట కాదు అన్నాను. ఆయన నవ్వాడు. వెక్కిరింత కాదు, జాలి. "మనసులో లేకుండా అట్లా రాసేదానికి ఎట్లొస్తాదమ్మా?" అన్నాడు.

ఐదేళ్లలో నేను జవాబు చెప్పలేకపోయిన మొదటి మనిషి ఆయన. బస్సులో కూర్చుని ఆ ఉత్తరంలోని ప్రతి వాక్యాన్నీ ఖండించాను. మోకాళ్ల వాక్యం ఒక్కటే పడలేదు. నిజాన్ని తెచ్చి అబద్ధానికి గుంజగా పాతాను, అందుకే అది కదలడం లేదు.

చిన్నాన్నకు రెండుసార్లు ఫోన్ చేసి, ఆయన "ఎవురూ?" అనగానే పెట్టేశాను. ఆ మాట చదివిన మనిషితో ఏమని మొదలుపెట్టను?

లోహిత


నగరి
జూలై 18

అక్కకు,

మే నెలలో హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు వార్డెన్ నాకొక కవరు ఇచ్చాడు. నీ రెండు ఉత్తరాలు, విప్పి, పిన్ను కొట్టి ఉన్నాయి. "పరీక్షలప్పుడు ఎందుకులే అని పెట్టినా" అన్నాడు. బస్టాండులోనే చదివాను. ఇంటికి పోయే బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లింది.

అప్పటి నుంచి నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేశావో నాకు తెలుసు. కావాలనే ఎత్తలేదు. ఫోన్లో నువ్వు మొదలుపెడితే వినడం తప్ప నాకు పనుండదు. కాగితం మీదైతే నా వంతు వచ్చేవరకూ నువ్వు ఆగాలి.

నేను నీ ప్రతిపక్షం కాదక్కా. సలహా అడిగిన తమ్ముణ్ణి. కొడితే తిరగబడతానని ఎందుకనుకున్నావు? నువ్వు తిరగబడ్డావు గనుకనా? నేను దెబ్బ తగిలితే కూర్చునే రకం. పుట్టినప్పటి నుంచి చూస్తున్నావు, నీకు తెలియదా? మూడో రోజు కోసం రాశానన్నావు. మూడో రోజు నేను గణితం లెక్కలు చేసుకుంటున్నాను, నాయన మోకాళ్లు తలుచుకుంటూ.

జరిగింది చెప్తాను. ఇంజనీరింగ్ ఐచ్ఛికాలు కాలేజీ వాళ్లే వాళ్ల కంప్యూటర్లో నింపారు. నాయన ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నారు. పలమనేరు దారిలో ఒక కాలేజీలో సీటొచ్చింది. నాయన వీధంతా చెప్పుకున్నాడు. నీ ఉత్తరం అచ్చు ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచాడు. పక్కింటివాళ్లు పిల్లల్ని తీసుకొచ్చి చదివించుకుని పోతారు.

నీ రెండో ఉత్తరం సంగతి చెప్పాను. నాయన నమ్మలేదు. నీ నోట వినాలని నిన్ననే నీకు ఫోన్ చేశాడు కదా. పెట్టేశాక ఏమన్నాడో నీకు తెలియాలి: "పాప ఏడస్తా ఉండాది. నువ్వు ఏడిపించినావు, అందుకే అట్లా సెప్తాది. ఫోన్లో సెప్పేది ఆవేశం. రాసింది నిలకడ. నేను ఆ పాప రాసిందే పట్టుకుంటా."

డిగ్రీ ప్రవేశాలకు ఆగస్టు ఆరు వరకూ గడువుంది. నాయన రాసినదాన్నే నమ్ముతాడు. కాబట్టి రాయి. నాకు కాదు, ఆయనకు.

బాలచంద్ర


తిరుపతి
జూలై 22

చిన్నాన్నకు,

లోహిత రాసేది. ఫిబ్రవరిలో నేను రాసింది నా మాట కాదు. మా కాలేజీలో వాదన నేర్చుకునేదానికి ఒకరినొకరు అట్లా పొడుచుకుంటాము. బాలూ తిరగబడి రాస్తాడని రాసినాను. వాడు నమ్మేసినాడు. తప్పు వాడిది కాదు, నాది.

వాడికి రాళ్ల చదువంటే ప్రాణం. ఆ చదువుకూ ఉద్యోగాలు ఉండాయి. ఉండాయని తెలిసీ రాయలేదు. నీ మోకాళ్ల గురించి రాసేదానికి నాకు హక్కు లేదు. నిన్ను అడగనుకూడా లేదు.

నన్ను ఎంతైనా తిట్టు. వాణ్ని మాత్రం వాడికి కావలసింది చదువుకోనీ.

నీ బిడ్డ
లోహిత


నగరి
జూలై 28

అక్కకు,

నాయన మగ్గం ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, నీ ఉత్తరం కూడబలుక్కుంటూ చదివాడు. మడిచాడు. నా వైపు చూశాడు.

"ఇది లోహిత రాసింది కాదురా. ఆ పాప రాస్తే మాటామాటా నేతలో పోగుల మాదిరి బిగువుగా ఉంటాది. ఇదేందిది, మనింట్లో మాట్లాడినట్టుండాది. అచ్చులో ఉండేదాన్ని కొట్టేసేదానికి నువ్వే రాసి తెచ్చినావు."

ఒట్టు పెట్టుకున్నాను. "దొంగరాత నేర్చుకునేదానికా నిన్ను రెండేండ్లు ఆడ పెట్టి సదివించింది?" అన్నాడు. రెండు రోజులుగా నేను పిలిచినా మగ్గం ఆపడం లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు.

నువ్వు అందంగా రాసిన అబద్ధం ఆయనకు నిజం. నువ్వు మామూలుగా రాసిన నిజం నా దొంగతనం. ఇక రాయొద్దు. వచ్చేయి.

బాలచంద్ర


నగరి
ఆగస్టు 6

అక్కకు,

నిన్న నువ్వు చెప్పాల్సింది చెప్పావు. నాయన లేచిపోయి గడప మీద కూర్చోవడం చూసి ఏడుస్తూ బస్సెక్కావు. తర్వాత జరిగింది నీకు తెలియాలి.

చీకటి పడేదాకా గడప మీదే కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "నా మోకాళ్లు నొస్తా ఉండాయని ఆ పాపతో నేనెప్పుడైనా సెప్పినానా?" అన్నాడు. లేదన్నాను. "నీతో?" లేదన్నాను. "మరి నన్నడక్కుండా నా మోకాళ్లను పందెంలో పెట్టి మీరిద్దరూ ఆడుకున్యారా? ఆ కాలేజీవోడు మైకులో సదివినాడా? ఊరోళ్లంతా నా ఇంటికొచ్చి నా కాళ్లను సూసి పోయినారా?"

అప్పుడు నేను మాట్లాడాను అక్కా. నలభై నిమిషాలు కాదు, రెండు మాటలు. నాయనా, నీకు చేతకానప్పుడు మగ్గం నేను తోలుతా, ఏ చదువు చదివినా తోలుతా. అయితే నీ కాళ్ల పేరు చెప్పి నాకు పట్టని చదువులోకి పోను. అంతే.

"ఈ మాట ఫిబ్రవరిలో సెప్పేదానికి నీకేం రోగం?" అన్నాడు. పొద్దున్నే నెట్ సెంటరుకు ఇద్దరం పోయాం. ఓటీపీ ఆయనే చదివి చెప్పాడు, ఒక్కొక్క అంకె, చాలా గట్టిగా. మొదటి ఐచ్ఛికం జియాలజీ. రెండోది ఏమీ పెట్టలేదు.

నిన్ను ఇంకా క్షమించలేదన్నాడు. నేనూ అంతే. ఇంజనీరింగ్ సీటు మాత్రం వదులుకున్నాం.

బాలచంద్ర


నగరి
సెప్టెంబరు 14

అక్కకు,

నిన్న ఓబయ్య సార్ పిలిపించాడు. తిరుపతికి వచ్చీ నీ దగ్గరికి రాకుండానే వెనక్కి వచ్చేశాను. కోపం కాదు. ఈ మాట నీ ముఖం చూస్తూ చెప్పలేక.

మేం పదకొండు మందిమే అయ్యాం. కోర్సు ఈ ఏడాదికి ఆపేశారు. వేరే దాంట్లోకి మారతారా అని అడిగారు. ఏడుగురు మారారు. నేను మారలేదు. సార్ తన అలమారా తాళం వేస్తూ, "వచ్చే ఏడు మళ్లీ అడుగుతాం, పదిహేను పేర్లుంటే ఇస్తామన్నారు" అన్నాడు. ఇప్పుడు నాయన పక్కన మగ్గం తోలుతున్నాను.

పదకొండుకు పదిహేను, నాలుగు తక్కువ. ఆ నలుగురూ ఎవరో నీకు తెలుసు. ఫిబ్రవరిలో నాతోపాటు గీత మీద రాసినవాళ్లు. నేను జియాలజీకి వెనక్కి వచ్చాను, ఎందుకంటే నువ్వు మా ఇంటికి వచ్చావు. వాళ్ల ఇళ్లకు ఎవరూ పోలేదు. నీ రెండో ఉత్తరం చూపించమన్నావు. నా చేతికే రానిది ఎలా చూపిస్తాను? వచ్చాక నేనూ నా గొడవలోనే పడ్డాను. అది నా తప్పు.

వాళ్ల చిరునామాలు వెనక రాశాను. నువ్వే రాయి. బాగా రాయొద్దు. నాయనకు రాశావే, అలా రాయి.

బాలచంద్ర


తిరుపతి
సెప్టెంబరు 17

గుణశేఖర్‌కు, మునిచంద్రకు, వెంకటమునికి, సుందరరాజుకు,

ఇదే ఉత్తరం నలుగురికీ నాలుగుసార్లు చేత్తో రాస్తున్నాను. అచ్చు వేయించలేదు.

నేను ఎవరో మీకు తెలుసు. నోటీసు బోర్డు మీది అక్కను. అక్కడ రాసింది నేను నమ్మి రాసింది కాదు. మా తమ్ముడిలో కోపం పుట్టించేదానికి రాసినాను. వాడిలో పుట్టలేదు. మీ ఇండ్లల్లో ఏం పుట్టిందో నాకు తెలియదు. మీ అమ్మలను, మీ నాయనలను నేను ఎప్పుడూ చూసింది లేదు. వాళ్ల కష్టం పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టినాను.

మీరు చేరిన చదువు మీకు నచ్చి ఉంటే అందులోనే ఉండండి. మిమ్మల్ని తిప్పేదానికి ఇది రాయడం లేదు. నచ్చకపోతే బాలూకు ఒక్క మాట చెప్పండి. వాడు నగరిలోనే ఉండాడు.

ఇంకొకటి. మీ నాలుగు పేర్లూ వాడి మొదటి ఉత్తరంలోనే ఉండాయి. ఫిబ్రవరిలోనే చదివినాను. ఒక్కడితోనే కదా వాదన అనుకుని, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు.

లోహిత